కమ్యూనిటీ హాల్ గోడకు మొజాయిక్: బొమ్మ ఒకరు గీయాలా, అందరూ తలో చదరం చేయాలా?

రాతిరంగు:
కమ్యూనిటీ హాల్ గోడకు మొజాయిక్, అంటే రంగు టైలు, గాజు ముక్కలు పేర్చి చేసే బొమ్మ, అనగానే కమిటీలు రెండుగా చీలుతున్నాయి. పని మొత్తం కళాకారుడికి అప్పగించేయాలని ఒక వర్గం. ఇంటికో చదరం ఇచ్చి ఎవరికి తోచింది వాళ్లని చేయమని, చివరికి అన్నీ కలిపి అతికించాలని ఇంకో వర్గం. నా మాట ముందే చెప్పేస్తాను. గీత ఒక్కరిదే ఉండాలి, ముక్కలు పేర్చే చేతులు ఎన్నైనా ఉండొచ్చు. ఒప్పుకోనివాళ్లు ఎందుకో చెప్పండి.

అందరిచేయి:
నేను ఒప్పుకోను. గీత వేరొకరిదైతే జనం చేసేది కూలిపనే, అదీ కూలి లేకుండా. గోడ జనానిదని చెప్పి బొమ్మ మాత్రం మరొకరిదంటే ఎలా? శిక్షణ లేనివాళ్ల చేతిలో గొప్ప పని రాదనుకుంటే లాస్ ఏంజెలెస్‌లోని వాట్స్ టవర్స్ చూడండి. సైమన్ రోడియా కట్టుబడి పనులు చేసుకుని బతికినవాడు. పగిలిన పింగాణీ, సీసా పెంకులు, గవ్వలు సిమెంటులో అద్దుతూ ఆ గోపురాలు కట్టాడు.

రాతిరంగు:
రోడియా దగ్గరే మొదలుపెడదాం అండి. 1921 నుంచి 1954 దాకా ఆయన ఆ పని ఒంటిచేత్తో చేశాడు. అందుకే అంత ఎత్తు గోపురాల్లోనూ ఒకే మనిషి చూపు కనిపిస్తుంది. నేను డిగ్రీ అడగడం లేదు. గోడ మొత్తాన్ని ఒకేసారి మనసులో పెట్టుకున్న మనిషి ఒకరు ఉండాలంటున్నాను. ఇంటికో చదరం పద్ధతిలో ఏ చదరానికి ఆ చదరం ముద్దుగానే ఉంటుంది. పది అడుగులు వెనక్కి వేస్తే పువ్వులు, సూర్యుళ్లు, ఇళ్లు అన్నీ ఒకే సైజులో, ఒకే గాఢమైన రంగుల్లో పోటీపడతాయి. చివరికి కంటికి ఆనేది చదరాల మధ్య గళ్లే.

కూలిపని అన్నారు, ఆ మాట దగ్గర ఆగాలి. ఒక కొంగ బొమ్మ తీసుకోండి. మెడ వంపు గీసి ఉంది. ఆ గీతకు లోపల తెల్ల ముక్కలు ఒక వరుస, బయట నీటి రంగులో ఇంకో వరుస. ఆ బయటి వరుస కూడా మెడతోపాటే వంగాలి, అప్పుడే కొంగ నీటిలోంచి విడివడి నిలుస్తుంది. వంపు బిగిసిన చోట చదరపు ముక్క ఇమడదు. టైలు కొరికే పట్టకారు, అదే నిప్పర్, దాంతో ఒక పక్క సన్నగా కొరికి పెట్టాలి. ఏ నీలం పక్కన ఏ నీలం, ఎక్కడ కాస్త ఆకుపచ్చ, సందు ఎంత వదలాలి, ఇవన్నీ పేర్చేవాళ్ల కన్నే తేల్చాలి. బార్సిలోనాలో పార్క్ గ్యూయెల్ అనే తోట ప్లాన్ వాస్తుశిల్పి గౌడీది. అక్కడ పాములా మెలికలు తిరిగే బెంచీ మీద పగిలిన టైళ్ల అలంకరణలో పెద్ద చేయి ఆయనతో పనిచేసిన జుజోల్‌ది. ఒకరి ప్లాన్ లోపల ఇంకొకరి ఊహకు అంత చోటు దొరికింది.

పైగా ఫైబర్ మెష్, అంటే సన్నని వల గుడ్డ, పద్ధతి ఉండనే ఉంది. పూర్తి సైజు డ్రాయింగ్ బల్ల మీద పరిచి, పైన ప్లాస్టిక్ షీటు, దాని మీద మెష్ వేసి ముక్కలు అంటిస్తారు. ఆరాక భాగాలకు నంబర్లు వేసి గోడకు ఎక్కిస్తారు. నిచ్చెన ఎక్కలేని పెద్దవాళ్లూ, చక్రాల కుర్చీలో ఉన్నవాళ్లూ కూర్చుని చేయొచ్చు.

గచ్చుమేస్త్రి:
ఇద్దరూ బొమ్మ గురించే మాట్లాడుతున్నారు, గోడ సంగతేంటి? వెనక నుంచి తేమ దిగే గోడ మీద ఎవరు గీసినా ముక్కలు రాలతాయి. మెష్‌కు వాడే మామూలు తెల్ల జిగురు తడి తగిలితే మళ్లీ మెత్తబడుతుంది, బయటి గోడకు పనికిరాదు. గోడ వ్యాకోచానికి వదిలే సందు, అదే ఎక్స్‌పాన్షన్ జాయింట్, దాని మీదుగా బొమ్మ పోనివ్వకండి, గోడ కదిలినప్పుడల్లా అక్కడే చీలుతుంది. బయటికైతే నీరు పీల్చడం 0.5 శాతానికి మించని పోర్సలీన్ (గట్టిగా కాల్చిన పింగాణీ) టైలు గానీ గాజు గానీ తీసుకోండి. ముక్కల మధ్య సందుల్లో నింపే గ్రౌట్ రంగు ముందు చిన్న పలక మీద చూసుకోవాలి. తెల్లదైతే రంగులు వెలవెలబోతాయి, ముదురు బూడిద రంగైతే పైకి తేలతాయి.

షికాగోలో చిత్రకారుడు షగాల్ 'నాలుగు రుతువులు' మొజాయిక్‌ను 1974లో ఆరుబయట పెట్టారు. 1994లో దాన్ని బాగుచేసి, పైన కప్పు వేయాల్సి వచ్చింది. కాబట్టి మరమ్మతు డబ్బూ, ప్రతి రంగులో కొన్ని మిగులు టైళ్లూ మొదటి రోజే పక్కన పెట్టండి.

అందరిచేయి:
పేర్చేవాళ్లకు చోటుందన్నది ఒప్పుకుంటాను. కానీ ఏ బొమ్మ వేయాలో ఎవరు తేలుస్తారు? కళాకారుడు మూడు డ్రాయింగులు తెచ్చి ఓటు పెట్టమంటే, అప్పటికే సగం నిర్ణయం అయిపోయినట్టే. ఇంకో సంగతి. వేల్స్‌లోని న్యూపోర్ట్‌లో ఓటు హక్కు కోసం పోరాడిన చార్టిస్టుల తిరుగుబాటు మీద కెన్నెత్ బడ్ 1978లో చేసిన మొజాయిక్‌ను, జనం వద్దని మొత్తుకుంటున్నా, 2013లో కూల్చేశారు. షాపింగ్ కేంద్రం కట్టడానికట. రేపు మన చేత్తో పేర్చినదానికీ అదే గతి పడితే?

రాతిరంగు:
ఓటు విషయంలో మీ పక్షమే నేను. డ్రాయింగ్ కన్నా ముందు కళాకారుడు జనంతో కూర్చోవాలి. ఈ చోట ఏం జరిగింది, ఇక్కడికి ఎవరు ఎందుకు వస్తారు, ఏ బొమ్మ రోజూ చూడటానికి మనసొప్పదు, ఇవి అడగాలి. చివరిది తప్పక అడగాలి, ఎందుకంటే తర్వాత గొడవలు అక్కడే లేస్తాయి.

న్యూపోర్ట్ సంగతి నన్నూ బాధపెట్టింది. దానికి నాకు తోచిన దారి ఇది: గోడకే అతికించకుండా సిమెంట్ బోర్డు పలకల మీద చేసి బిగించాలి. భవనం పోయినా పలకలు విప్పుకోవచ్చు. తీసేయాలంటే ఎవరికి, ఎంత ముందుగా చెప్పాలో కాగితం మీద రాసి సంతకాలు చేయించాలి.

గచ్చుమేస్త్రి:
పలకలు మంచి ఆలోచనే. తుప్పు పట్టని స్క్రూలు వాడండి. స్క్రూ తలల మీద పడే ముక్కలు చివర్లో అతికించి, అవి ఎక్కడున్నాయో డ్రాయింగ్‌లో గుర్తుపెట్టండి. లేకపోతే విప్పే రోజున బొమ్మంతా తవ్వాలి.

అందరిచేయి:
పలకలైతే నాకు సమ్మతమే, గీత ఒకరిదైనా సరే. పేర్ల దగ్గర మాత్రం తగ్గను. దాతల పేర్లు బొమ్మలోకి రాకూడదు. పక్కన వేరే పలక పెట్టి, పేర్చినవాళ్ల పేర్లన్నీ అక్షర క్రమంలో రాయాలి. డబ్బిచ్చినవాళ్ల పేర్లూ అందులోనే, అదే సైజు అక్షరాల్లో.