నాన్నగారి పల్స్ 44, పేస్‌మేకర్ అంటున్నారు. మనవాళ్ళకి లెక్క వేరా?

సీతమ్మధార_చిన్నోడు
నాన్నగారికి 69. బీపీ ఉంది, షుగర్ బోర్డర్‌లో ఉంది. జలుబని వెళ్తే డాక్టరుగారు చెయ్యి పట్టుకుని చూసి ఈసీజీ తీయించారు. 44. తర్వాత హోల్టర్ (రోజంతా ఒంటికి తగిలించి ఉంచే ఈసీజీ) పెడితే రాత్రి నిద్రలో 36 దాకా పడింది, రెండున్నర సెకన్ల గ్యాప్ ఒకటి వచ్చింది. పేస్‌మేకర్ గురించి ఆలోచించుకోండి అన్నారు. కళ్ళు తిరగడం, పడిపోవడం లేవు. కాకపోతే ఈమధ్య సింహాచలం మెట్లెక్కుతూ సగంలో కూర్చుండిపోతున్నారు. న్యూజెర్సీలో ఉన్న అన్నయ్య మాత్రం "60 నుంచి 100 అన్నది తెల్లవాళ్ళని చూసి కట్టిన లెక్క, మనకి వర్తించదు, తొందరపడకండి" అంటున్నాడు. జాతిని బట్టి గుండె వేగం, గుండె జబ్బులు నిజంగా మారతాయా? పేస్‌మేకర్ సింగిల్ చాంబర్ (గుండెలో ఒక గదికే తీగ) మంచిదా, డబులా (రెండు గదులకీ)? వైజాగ్‌లో ఇంకో డాక్టరు దగ్గర చూపించుకోవాలంటే ఏ కాగితాలు పట్టుకెళ్ళాలి? వాడే మందులు: టెల్మిసార్టన్ 40, కొలెస్ట్రాల్ బిళ్ళ, గ్లకోమాకి కంటి చుక్కలు.

బీచ్‌రోడ్_రన్నర్
44కే ఇంత టెన్షనా? నాకు పొద్దున్న లేవగానే 46 ఉంటుంది. కాళీమాత గుడి దగ్గర మొదలుపెట్టి రుషికొండ దాకా పరుగు, నేవీ మారథాన్ ఏ ఏడూ వదలను. స్పెయిన్ సైక్లింగ్ వీరుడు ఇందురైన్‌కి 28 ఉండేదని చెప్పుకుంటారు. గుండె బలంగా ఉంటే తక్కువసార్లు కొట్టుకున్నా సరిపోతుంది. ముందు మీ నాన్నగారిని టీవీ ముందు నుంచి లేపి బీచ్‌కి తీసుకురండి.

ఈసీజీ_మాస్టారు
రన్నర్ బాబూ, మీ 46, ఆయన 44 ఒకటి కావు. మీరు పరిగెత్తితే మీది 150 దాటుతుంది. ఆయనది మెట్లెక్కినా పెరగకపోతే ఆయాసం రాక ఏం చేస్తుంది? ట్రెడ్‌మిల్ మీద నాలుగు నిమిషాలు నడిపిస్తే తేలిపోతుంది. సర్వీసంతా ఈసీజీ గదిలోనే గడిపినవాణ్ణి, కాగితం చూడకుండా ఎవరి మాటా నమ్మను. పై గదుల కొట్టుకోవడానికీ కింది గదుల కొట్టుకోవడానికీ పొత్తు తెగిపోతే అది కంప్లీట్ హార్ట్ బ్లాక్. అలా ఉంటే లక్షణాలు లేకపోయినా పేస్‌మేకర్ వేయాల్సిందే. గుండె వేగాన్ని నడిపే సైనస్ నోడే నెమ్మదించి ఉంటే లక్షణాలను బట్టి నిర్ణయం. నిద్రలో 36కి పడిందని హడలిపోవక్కర్లేదు, నిద్రలో చాలామందికి తగ్గుతుంది. చిన్నోడూ, ఈసీజీ ఫొటో పెట్టు నాయనా, పేరు కనపడకుండా.

ఉక్కునగరం_అన్న
తమ్ముడూ, నాకు పేస్‌మేకర్ ఉంది. బాత్రూమ్‌లో పడిపోయి, తల పగిలాక గాని కనిపెట్టలేదు. ఆపరేషన్ ఏమంత పెద్దది కాదు, మత్తు కూడా ఆ చోటికే. ఎవరూ చెప్పనిది చెప్తాను: ఎడమ చెయ్యి నెలా నెలన్నర భుజం పైకి లేపనివ్వరు, లోపల తీగ జరుగుతుందని. తల దువ్వుకోవడం, చొక్కా తొడుక్కోవడం అన్నీ ఒంటిచేత్తోనే. చొక్కా వేసుకునేటప్పుడు ముందు ఎడమ చేతిని దూర్చాలి, కుడి చెయ్యి ముందు దూరిస్తే ఎడమది లేవక తప్పదు. సెల్‌ఫోన్ ఎడమ జేబులో పెట్టకూడదు. ఇండక్షన్ పొయ్యికి రెండడుగుల దూరం ఉండమన్నారు, దాంతో మా ఆవిడ నన్ను వంటింట్లోకే రానివ్వడం లేదు, సుఖంగా ఉంది. బాధల్లా ఒక్కటే, వెల్డింగ్ సెక్షన్ నుంచి స్టోర్స్‌కి మార్చారు, ఓవర్‌టైమ్ పోయింది. పైడితల్లి అమ్మవారి జాతరకి మాత్రం ఈ ఏడు కూడా వెళ్ళి అర్ధరాత్రిదాకా నిలబడ్డాను.

సోంపేట_కోడలు
చిన్నోడు గారూ, పేస్‌మేకర్‌కి ఒప్పుకునే ముందు పొటాషియం, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూపించారా? మాది ఉద్దానం, కిడ్నీ జబ్బు లేని ఇల్లు వెతుక్కోవాలి. మామయ్యగారికి ఒక రాత్రి పల్స్ 32, ఒళ్ళంతా చల్లగా చెమటలు. అంబులెన్స్‌లో వైజాగ్ తీసుకొస్తే వచ్చీ రాగానే పేస్‌మేకర్ అన్నారు, డబ్బు కట్టే కాగితం చేతికిచ్చారు. డ్యూటీలో ఉన్న చిన్న డాక్టరమ్మ రక్తపరీక్ష వచ్చేదాకా ఆగుదాం అంది. పొటాషియం 7 దాటింది. కాల్షియం ఇంజెక్షన్, గ్లూకోజులో ఇన్సులిన్, తెల్లారేలోగా డయాలసిస్. పల్స్ 70కి వచ్చి కూర్చుంది, ఇప్పటిదాకా పేస్‌మేకర్ అవసరం రాలేదు. కిడ్నీ సరిగా లేనివాళ్ళు మెటోప్రొలాల్ లాంటి గుండె వేగం తగ్గించే బిళ్ళ వాడుతుంటే, పొటాషియం పెరిగినప్పుడు రెండూ కలిసి గుండెని అలా పడేస్తాయట. దానికి తోడు నీరసంగా ఉందని రోజూ బొండాలు కొట్టించి తాగించాం, తోట మాదే కదా.

కోనసీమ_కొబ్బరి
మళ్ళీ కొబ్బరి నీళ్ళ మీద పడ్డారా! తాతల కాలం నుంచి అమలాపురంలో పొద్దున్నే బొండం తాగుతున్నాం, ఎవరి గుండె ఆగింది? ఇవన్నీ కూల్‌డ్రింకుల కంపెనీలు పుట్టించిన పుకార్లు.

సోంపేట_కోడలు
అందరికీ చెడ్డదని నేనన్నానా? కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళకి అన్నాను, చదివి రాయండి. ఒక బొండంలో అయిదారు వందల మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. మీ కిడ్నీ దాన్ని బయటికి పంపుతుంది, మా మామయ్యది పంపలేదు.

కోనసీమ_కొబ్బరి
అరటిపండులో లేదా? పప్పులో లేదా? మరి అన్నం మానేస్తారా? మా పంటకి ధర పడిపోయేది ఇలాంటి ప్రచారంతోనే.

సోంపేట_కోడలు
డయాలసిస్ చేయించుకునేవాళ్ళ ఇంట్లో కూరముక్కలు కూడా నీళ్ళలో ఉడికించి ఆ నీళ్ళు పారబోసి వండుతారండీ. ఇటొచ్చి చూడండి. పలాసలో కిడ్నీ ఆసుపత్రి 2023లో కట్టింది ఊరికే కాదు. మీ బొండం ధర కోసం మా ఇంటి మనిషిని పణం పెట్టమంటారా?

బీచ్‌రోడ్_రన్నర్
కొబ్బరి నీళ్ళు పరుగు తర్వాత బ్రహ్మాండం. నా ఓటు కోనసీమ అన్నకే.

ఈసీజీ_మాస్టారు
మీ ఓటు ఎవరూ అడగలేదు. కోడలమ్మ చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. పొటాషియం పెరిగితే ఈసీజీలో టీ తరంగం సూదిగా లేస్తుంది, పీ మాయమవుతుంది. అలాంటి కాగితం చూసి ఐసీయూకి నేనే పరుగెత్తిన రోజులున్నాయి. టెల్మిసార్టన్ కూడా కొందరిలో పొటాషియం పెంచుతుంది. ఉప్పు తగ్గించాలని కొనే "లో సోడియం" ఉప్పు ప్యాకెట్టు వెనక చదవండి, అందులో పొటాషియం క్లోరైడే ఉంటుంది. ఫొటో ఇంకా పెట్టలేదు, చిన్నోడూ.

డల్లాస్_సుబ్బు
అసలు ప్రశ్న అందరూ మర్చిపోయారు. అన్నయ్యగారు రెండు విషయాలు కలిపేశారు. రక్తనాళాలు పూడుకుపోవడం వేరు, గుండెలో కరెంటు తేడా రావడం వేరు. మొదటిదాంట్లో మనకి తేడా ఉంది. 2004లో వచ్చిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం 52 దేశాల్లో చేశారు. మొదటి హార్ట్ ఎటాక్ సగటున దక్షిణాసియావాళ్ళకి 53 ఏళ్ళకే వస్తే, మిగతా దేశాలవాళ్ళకి దాదాపు ఆరేళ్ళు ఆలస్యంగా వచ్చింది. అయితే కారణాలు ఎక్కడైనా అవే: పొగ, కొలెస్ట్రాల్, బీపీ, షుగర్, పొట్ట, మానసిక ఒత్తిడి వగైరా తొమ్మిదీ కలిపితే 90 శాతం లెక్క తేలిపోతుంది. అంతా జన్యువులదే అనుకోవద్దు. జపాన్‌లో ఉన్న జపనీయులకంటే హవాయికి వెళ్ళినవాళ్ళకీ, వాళ్ళకంటే శాన్‌ఫ్రాన్సిస్కోలో స్థిరపడినవాళ్ళకీ గుండె జబ్బు ఎక్కువ. బొలీవియా అడవుల్లో ఉండే చిమానే తెగవాళ్ళ గుండె స్కాన్లు 2017లో ప్రచురించారు, 85 శాతం మందికి నాళాల్లో కాల్షియం, అంటే పూడిక ఆనవాలు, సున్నా.

పల్స్ విషయానికొస్తే, 2018 అమెరికా గైడ్‌లైన్లలో 50 కంటే తక్కువంటే నెమ్మది అనే లెక్క, అది జాతిని బట్టి మారదు. జబ్బు వచ్చే రేటులో మాత్రం తేడాలున్నాయి. ఇక్కడ సిక్ సైనస్, అంటే సైనస్ నోడ్ దెబ్బతినే జబ్బు, నల్లజాతివాళ్ళలో తెల్లవాళ్ళకంటే నలభై శాతం దాకా తక్కువని 2014లో తేలింది. కాబట్టి మీ అన్నయ్య మాట పట్టుకుని ఆగకండి.

గోపాలపట్నం_రాజు
ఏటండీ సుబ్బుగారూ, అక్కడ కూర్చుని జపాను, బొలీవియా అంటారు, ఇక్కడ ఆరోగ్యశ్రీ, అదే ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ, దాంట్లో పేస్‌మేకర్ చేస్తారా లేదా అది చెప్పండి. మా బావకి ఒకచోట కార్డు చెల్లదన్నారు, ఇంకోచోట అదే కార్డు మీద వేశారు.

డల్లాస్_సుబ్బు
అది నాకెలా తెలుస్తుంది రాజుగారూ, అడిగినదానికి జవాబిచ్చాను.

ఈసీజీ_మాస్టారు
సుబ్బుగారూ, ఊరు మారితే కరెంటు జబ్బూ మారుతుంది, అది మీరు వదిలేశారు. బ్రెజిల్ వైపు ఒక నల్లి లాంటి పురుగు వల్ల వచ్చే చాగస్ జబ్బు ఉంది, 1909లో కనిపెట్టారు. అక్కడ హార్ట్ బ్లాకులకీ పేస్‌మేకర్లకీ అదొక పెద్ద కారణం. మనకి ఆ బెడద లేదు. థాయిలాండ్, ఫిలిప్పీన్స్ మగవాళ్ళు నిద్రలోనే పోయే బ్రుగాడా అనే గుండె కరెంటు జబ్బు అక్కడ ఎక్కువ. మనవాళ్ళ సంగతి అడిగితే, గుండె కండరానికి సంబంధించిన ఒక జన్యువులో 25 అక్షరాలు ఎగిరిపోయిన మార్పు దక్షిణాసియాలో దాదాపు నూటికి నలుగురిలో ఉంది. 2009లో బయటపెట్టిన వాళ్ళలో మన హైదరాబాద్ సీసీఎంబీ పరిశోధన సంస్థ వాళ్ళూ ఉన్నారు. అయితే అది కండరం జబ్బు, ఈయన 44కి దాన్ని ముడిపెట్టలేం.

రన్నర్ బాబు కోసం: స్వీడన్‌లో 90 కిలోమీటర్ల స్కీ పోటీ ఉంది, వాసలోపెట్. ఎక్కువసార్లు పూర్తిచేసినవాళ్ళకే తర్వాత గుండె లయ తప్పే జబ్బులు ఎక్కువ వచ్చాయని 2013లో తేల్చారు. మీ 46ని కూడా ఒకసారి కాగితం మీద చూద్దాం, రండి.

బీచ్‌రోడ్_రన్నర్
కుర్చీలో కూర్చునేవాళ్ళకి పరిగెత్తేవాళ్ళంటే ఎప్పుడూ కడుపుమంటే. నా వాచీ రోజూ చెప్తోంది బాగుందని.

ఎంవీపీ_పద్మ
వాచీలని నమ్మకండి. మా వదినకి 38 చూపించి అర్ధరాత్రి అందరినీ పరుగులు పెట్టించింది. ఈసీజీ తీస్తే 76. దెబ్బ విడిచి దెబ్బ ముందే కొట్టుకుంటోందట, అవి మణికట్టు దాకా రావు, వాచీకి సగమే లెక్క. ఇంకోటి, మా అమ్మాయికి డెంగ్యూ తగ్గాక పల్స్ 48 అయింది, ప్లేట్‌లెట్లు పెరిగాయని సంతోషించేలోపే మళ్ళీ భయం. డాక్టరు ఏం చేయక్కర్లేదన్నారు, దానంతటదే సర్దుకుంది. థైరాయిడ్ కూడా చూపించండి, తక్కువుంటే పల్స్ పడిపోతుంది.

గోపాలపట్నం_రాజు
పేస్‌మేకర్ పెట్టించుకునేవాళ్ళు ఒకటి ఇంట్లోవాళ్ళకి చెప్పి ఉంచుకోవాలి. మనిషి పోయాక దహనానికి ముందు దాన్ని తీయించాలి, లేకపోతే బ్యాటరీ వేడికి పేలుతుంది. మా బావకి వేసిన చోట ఈ మాట ఎవరూ చెప్పలేదు.

ఎంవీపీ_పద్మ
రాజుగారూ, కొడుకు తండ్రి ఆపరేషన్ గురించి అడుగుతుంటే ఇప్పుడా ఆ మాట? సమయం సందర్భం లేదా?

గోపాలపట్నం_రాజు
ఇప్పుడు కాక ఎప్పుడు చెప్పాలమ్మా, పాడె మీద పెట్టాకా?

ఉక్కునగరం_అన్న
నా గుండె మీదున్నదాని గురించే మాట్లాడుకుంటున్నారు, నేను వింటున్నాను. 1958లో స్వీడన్‌లో మొదటి పేస్‌మేకర్ పెట్టించుకున్నాయన 26 పేస్‌మేకర్లు మార్చుకుంటూ 2001 దాకా, 86 ఏళ్ళు బతికాడు. దాన్ని తయారుచేసినాయనా, పెట్టిన సర్జనూ ఆయనకంటే ముందే పోయారు. పాడె సంగతి తర్వాత చూసుకుందాం.

మోడరేటర్
కొబ్బరి నీళ్ళు, పాడె రెండూ ఇక్కడితో ఆపండి. తొలగించిన రెండు పోస్టులు ఎవరివో వాళ్ళకి తెలుసు.

సోంపేట_కోడలు
చిన్నోడు గారూ, మొదటి పోస్టు మళ్ళీ చదివాను. గ్లకోమాకి కంటి చుక్కలు అన్నారు కదా, పేరేమిటి? మా పిన్నికి టిమోలాల్ చుక్కలతో పల్స్ పడిపోయింది. అది కూడా మెటోప్రొలాల్ లాంటి బీటా బ్లాకరే, గుండె వేగం తగ్గించే రకం, కంట్లో వేసినా ముక్కులోంచి రక్తంలోకి వెళ్తుంది.

ఈసీజీ_మాస్టారు
శభాష్ తల్లీ.

సీతమ్మధార_చిన్నోడు
సీసా తెచ్చి చూశాను. టిమోలాల్ అనే ఉంది. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, రెండు కళ్ళలోనూ. కార్డియాలజిస్ట్ దగ్గర బిళ్ళలు చూపించాం గాని ఇది మందుల్లో లెక్కని ఎవరికీ తట్టలేదు. ఇవాళ రాత్రి నుంచే ఆపేయమంటారా?

ఈసీజీ_మాస్టారు
మీ అంతట మీరు ఆపొద్దు. కంట్లో ప్రెషర్ పెరిగి చూపు పోతే తిరిగి రాదు. సీసాతో సహా ముందు కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళండి, గుండె వేగాన్ని తగ్గించని వేరే రకం చుక్కలున్నాయి. మార్చాక కార్డియాలజిస్ట్ దగ్గర మళ్ళీ హోల్టర్. అప్పటికీ 44 దగ్గరే ఉంటే పేస్‌మేకర్ మాట నిజమేనన్నమాట. ఈలోపు కళ్ళు తిరిగినా, ఆయాసం పెరిగినా ఆగకుండా ఎమర్జెన్సీకే పోండి. చుక్క వేశాక ముక్కు పక్కన కంటి మూలని వేలితో రెండు నిమిషాలు నొక్కి ఉంచమనండి, లోపలికి తక్కువ వెళ్తుంది. ఇంకో డాక్టరు దగ్గరికి పాత ఈసీజీలు, హోల్టర్ పూర్తి రిపోర్టు పట్టుకెళ్ళాలి, ఒక్క పేజీ సమ్మరీ చాలదు. ఫొటో ఇంకా రాలేదు.

సీతమ్మధార_చిన్నోడు
సోమవారం కంటి డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం. పొటాషియం, థైరాయిడ్ కూడా రాయించుకుంటాను. ఈసీజీ ఫొటో రాత్రికి పెడతాను మాస్టారూ, కాగితం అమ్మ బీరువాలో ఎక్కడో దాచింది.

బీచ్‌రోడ్_రన్నర్
మాస్టారూ, మీరు ఉండేది ఎక్కడ? ఆదివారం ఒకసారి ఈసీజీ తీయించుకుంటాను, ఊరికే.

కోనసీమ_కొబ్బరి
మోడరేటర్ గారూ, నా పోస్టు ఎందుకు తీశారో కారణం చెప్పాలి.