చలికి ట్రాక్టర్ లేవట్లేదు, స్ప్రే కొట్టొచ్చా?

ఆదిలాబాద్_రైతు:
అన్నలూ, మాది మూడు సిలిండర్ల పాత ట్రాక్టర్. ఈ డిసెంబర్ చలికి పొద్దున పూట అస్సలు లేవట్లేదు, సెల్ఫ్ కొట్టీ కొట్టీ బ్యాటరీ దిగిపోతోంది, మధ్యాహ్నం మాత్రం ఒక్క దెబ్బకి స్టార్ట్ అవుతుంది. మా ఊళ్ళో ఒకాయన స్టార్టింగ్ స్ప్రే తెప్పించి ఎయిర్ క్లీనర్ గొట్టంలో కొట్టాడు. దడదడా కొట్టుకుని లేచింది గానీ ఆ చప్పుడుకి నాకు టెన్షన్ పట్టుకుంది. రోజూ కొడితే ఇంజిన్ పోతుందా?

పాత_స్పానర్:
తమ్ముడూ, ఆ డబ్బాలో ఉండేది ఈథర్. డీజిల్ ఇంజిన్‌కి స్పార్క్ ప్లగ్గు ఉండదు కదా, గాలిని నొక్కితే పుట్టే వేడికే డీజిల్ అంటుకోవాలి. ఈథర్‌కి 160 డిగ్రీలు చాలు, డీజిల్‌కి 200 దాటాలి. పైగా నాజిల్ డీజిల్ కొట్టేది పిస్టన్ పైకి చేరబోయేటప్పుడు, ఈథర్ మాత్రం గాలితో పాటు ముందే లోపలికి పోయి కూర్చుంటుంది కాబట్టి పిస్టన్ ఇంకా పైకి వస్తుండగానే పేలి ఎదురు గుద్దుతుంది. నువ్వు విన్న దడదడ అదే. ఎక్కువైతే రింగులు విరుగుతాయి, కనెక్టింగ్ రాడ్ వంగిన ఇంజిన్ నేనే విప్పాను. నీ బండికి హీటర్ (స్టార్ట్ చేసే ముందు ఇంజిన్‌లోకి పోయే గాలిని వేడి చేసేది) ఉంటే అసలు ఆ జోలికే పోకు, ఎర్రగా కాగిన హీటర్ మీద ఈథర్ పడితే గొట్టంలోంచి మంట నీ మొహం మీదికే వస్తుంది.

సెల్ఫ్ కొట్టేటప్పుడు పొగ ఏ రంగు?

ఆదిలాబాద్_రైతు:
తెల్లగా వస్తోంది అన్నా. హీటర్ ఉంది, పనిచేస్తుందో లేదో ఎప్పుడూ చూడలేదు.

పాత_స్పానర్:
తెల్ల పొగ అంటే డీజిల్ అందుతోంది, కాలట్లేదు. పొగే లేకపోతే డీజిల్ పైపులో గాలి పట్టిందనో ఫిల్టర్ మూసుకుందనో వెతికేవాళ్ళం. సెల్ఫ్ కొడుతూ బ్యాటరీ మీద మీటర్ పెట్టు, 9.6 వోల్టుల కిందికి పడితే ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతుంది, నొక్కిన గాలి వేడెక్కే లోపే చల్లారిపోతుంది. టెర్మినళ్ళు, ఎర్త్ వైరు, హీటర్ వైరు కూడా చూడు. అవన్నీ బాగుండి కూడా లేవకపోతే అప్పుడు కంప్రెషన్, అంటే ఇంజిన్ గాలిని నొక్కే బలం, తగ్గిందేమో చూడాలి.

మిన్నెసోటా_తెలుగోడు:
ఇక్కడ మైనస్ 25 చలి. కొన్ని పెద్ద ఇంజిన్లకి కంపెనీ వాళ్ళే ఈథర్ కిట్ బిగించి ఇస్తారు, కానీ అది కొలిచి వదులుతుంది, మనం చేత్తో కొడితే ఎంత పోయిందో ఎవరికి తెలుసు! మామూలుగా అయితే రాత్రంతా కరెంటు హీటర్ పెట్టి ఇంజిన్‌ని వెచ్చగా ఉంచుతాం. ఆదిలాబాద్ చలికి ఈథర్ దాకా వెళ్ళాల్సిన పనే లేదు బ్రో.

ఆదిలాబాద్_రైతు:
చూశాను అన్నా, మీటర్ 8.4 చూపించింది. ఎర్త్ వైరు ఛాసిస్‌కి బిగించే చోట అంతా తుప్పే, హీటర్ వైరు అయితే ఎలుక కొరికేసింది. గీకి బిగించి, వైరు మార్చి, ఈ పొద్దున హీటర్ 20 సెకన్లు పట్టి కొడితే రెండో సెల్ఫ్‌కి లేచింది. మొన్న నేనూ ఒక డబ్బా కొన్నాను, టూల్ బాక్స్‌లో పడుంది.

పాత_స్పానర్:
ముందు దాన్ని అక్కడి నుంచి తీసెయ్యి, ఎండకి వేడెక్కితే పేలుతుంది.