మెంటరా, హాస్టలా?

గంజాం మాస్టారు: మొన్న బరంపురంలో మన ఒడిశా తెలుగువాళ్ల సంఘం మీటింగ్ జరిగింది. వైద్య పరిశోధన వైపు వెళ్లే ఆడపిల్లలకు మెంటర్లను, అంటే పక్కనుండి దారి చెప్పేవాళ్లను, కుదర్చాలట. ఆ డబ్బేదో హాస్టల్ ఫీజులకు ఇవ్వమన్నాను. ఆడపిల్లలను సైన్సు వైపు తెచ్చే కేంద్రం పథకం విజ్ఞాన్ జ్యోతి 2019 నుంచి ఉండనే ఉంది, మళ్లీ ఇదెందుకు?

రాయగడ పద్మ: విజ్ఞాన్ జ్యోతి తొమ్మిదో తరగతి నుంచి పన్నెండు వరకే మాస్టారూ. నేనంటున్నది ఎమ్మెస్సీ తర్వాత సంగతి. మైక్రోబయాలజీలో పీహెచ్‌డీ చేస్తూ 2018లో బాబు పుట్టాక మానేశాను. 240 రోజులు సెలవు తీసుకోవచ్చనీ, ఆరేళ్ల గడువు మీద ఇంకో రెండేళ్లు ఇస్తారనీ యూనివర్సిటీలకు రూల్స్ పెట్టే యూజీసీ 2016లోనే రాసిపెట్టింది. నాకు తెలియదు. మా గైడ్ "ఇంటికెళ్లి ఆలోచించుకోమ్మా" అన్నారు, అంతే. చెప్పే మనిషి ఒక్కరు లేకపోయారు.

గంజాం మాస్టారు: ఆ రూలు నెట్‌లో ఉంది. చదువుకున్న పిల్లవి, వెతుక్కోలేదా?

జయపురం కుర్రాడు: ఇంతకీ మెంటర్ మాట్లాడేది ఒడియానా, తెలుగా?

పర్లాకిమిడి వాసి: ల్యాబ్‌లో అంతా ఇంగ్లీషే కదండీ.

జయపురం కుర్రాడు: ల్యాబ్ సరే. ఊళ్లకెళ్లి రక్తం శాంపిల్ ఇమ్మని ఇంగ్లీషులో అడుగుతారా? మా చెల్లికి ఒడియా రాయడం రాదని ఒక ప్రాజెక్టులో తీసుకోలేదు.

గంజాం మాస్టారు: భాష గొడవ తర్వాత. పీహెచ్‌డీ మొత్తానికీ కలిపి ఆ 240 రోజులే. రెండో కాన్పు వస్తే?

రాయగడ పద్మ: ఒక్క కాన్పుకే నా చదువు పోయింది. మీరు రెండోదాని లెక్క వేస్తున్నారు!

గంజాం మాస్టారు: కోపం వద్దమ్మా. మా అమ్మాయికి విశాఖలో మెంటర్ ఉండేవారు. బంగారం లాంటి మేడమ్, మా ఇంటికి కూడా వచ్చారు. పెళ్లయ్యాక అత్తవారు వద్దన్నారు, మానేసింది. ఆవిడ ఏం చేయగలిగారు?

రాయగడ పద్మ: సంబంధం చూసింది మీరే కదా. చదువు మాన్పించకూడదని ముందే అడిగారా?

పర్లాకిమిడి వాసి: అమ్మా, ఇంటి విషయాలు వద్దు.

గంజాం మాస్టారు: అడగలేదు. అడిగితే తప్పిపోతుందనుకున్నాం.

రాయగడ పద్మ: మా నాన్నా ఇదే మాట అన్నారు.

గునుపురం సైన్స్ టీచర్: కేంద్రం వారి వైజ్-కిరణ్ పథకంలో 27 నుంచి 45 ఏళ్ల ఆడవాళ్లకు పీహెచ్‌డీ ఫెలోషిప్ ఉంది. ఎవరూ ఆ మాటే ఎత్తరేం?

గంజాం మాస్టారు: మా అమ్మాయికి 38. దరఖాస్తులు ఎప్పుడు పిలుస్తారో కాస్త కనుక్కో బాబూ.

రాయగడ పద్మ: ముందు అమ్మాయిని అడగండి మాస్టారూ.