శ్రీలంకలో అమ్మతో రుచుల యాత్ర: వెళ్లివచ్చిన వారు దారి చెప్పగలరా?

మేము చెన్నైలో ఉంటాం. ఫిబ్రవరిలో అమ్మా నేనూ ఐదు రోజులు శ్రీలంక వెళుతున్నాం. గైడు లేకుండా, తిండి కోసమే తిరగాలని కోరిక. కొలంబో ఫోర్ట్ స్టేషనులో ఎక్కి, సముద్రాన్ని ఒరుసుకుంటూ సాగే రైల్లో దక్షిణ తీరంలోని గాల్ పట్టణం దాకా వెళ్లాలని మాత్రం తేల్చుకున్నాం.

చిక్కల్లా అమ్మ చేప ముట్టదు. పోయినసారి అక్కడ ఒక హోటల్లో ఇడియాప్పంతో పాటు ఎర్రటి కొబ్బరి పచ్చడి వడ్డించారు. అమ్మ ఒక ముద్ద నోట పెట్టుకుని ఆగిపోయింది. ఆ 'పోల్ సంబోల్'లో ఎండిన మాల్దీవుల చేప పొడి కలుపుతారని అప్పుడే తెలిసింది. ఆ రోజంతా అరటిపళ్లతోనే గడిపింది. ఆ ముఖం నేను మరిచిపోలేదు. పప్పుకూరలోనూ ఒక్కోచోట వేస్తారు కాబట్టి భయం ఎక్కువైంది.

చేప పొడి వద్దని తమిళంలో చెబితే గాల్‌లో అర్థమవుతుందా? సింహళంలో ఏమనాలి? కొలంబోలో పెట్టా బజారు దగ్గర నమ్మకమైన శాకాహార భోజనశాల ఏది? పరోటా ముక్కలను పెనం మీద టకటకా నరుకుతూ చేసే కొత్తు, అమ్మ కోసం వేరే పెనం మీద చేసిపెడతారా? కొలంబోలోనే ఉన్న గాల్ ఫేస్ తీరంలో రొయ్యల వడలు నా వంతు, వాటికి ఏ వేళ మంచిది?

మట్టిపాత్రలో గేదె పెరుగు, పైన జీలుగు చెట్టు నీరాతో కాచిన తియ్యటి పాకం. అమ్మ ఎదురుచూస్తున్నది దీనికే. గాల్ దాటాక వచ్చే మాతర ఊరి వైపు ఎక్కడ ఆగాలి? అమ్మకు 68 ఏళ్లు, రోజుకు మూడు చోట్లకు మించి తిప్పలేను.