పిలకాయలకి తెలుగు పుస్తకాలు చెప్పండి, ముగ్గురివీ మూడు వయసులు

కావలి_అమ్మ:
మా ఇంట్లో పాపకి మూడు, బాబుకి ఏడు, సెలవులకి వచ్చిన మా ఆడబిడ్డ కూతురికి పన్నెండు. అందరూ ఇంగ్లీష్ మీడియమే. పెద్దది ఇంత లావు ఇంగ్లీష్ నవలలు చదివేస్తది గానీ తెలుగు పేజీ ముందు పెడితే ఒత్తుల కాడ ఆగిపోద్ది. కొత్తగా వచ్చినయ్యి ఏమన్నా ఉంటే చెప్పండబ్బా, ఇక్కడ షాపులో అడిగితే పంచతంత్రం, తెనాలి రామకృష్ణ తీసి చేతిలో పెడతన్నారు, అయ్యి ఇంట్లో రెండేసి ఉండాయి.

ట్రంకురోడ్డు:
అక్కా, పాపకి తూలిక పబ్లిషర్ల గజపతి కులపతి తెప్పించు. కొత్తదేం కాదులే, కానీ ఏనుక్కి జలుబు చేసి హాఆఛ్ అని తుమ్మే పేజీ రాంగానే మా వాడు మంచం మీద దొర్లుతాడు, మళ్ళీ చదువు మళ్ళీ చదువు అని ప్రాణం తీస్తాడు. ఏడేళ్ళోడికి ప్రథమ్ వాళ్ళ స్టోరీవీవర్ సైట్ చూడు, ఫ్రీ, తెలుగులో బోలెడు ఉండాయి, తేలికవి లెవెల్ 1 నించి కష్టమైనయ్యి లెవెల్ 4 దాకా. ఎవరైనా అనువాదం చేసి పెట్టొచ్చు కాబట్టి కొన్ని చప్పగా ఉంటాయి, ముందు నువ్వు చదివి ఇవ్వు.

ఒంగోలు_టీచరమ్మ:
పెద్దమ్మాయి సంగతే అసలు సంగతి. అట్ట మీద వయసు చూసి కొనబాకమ్మా, ఆ వయసు తెలుగు బాగా వచ్చిన పిల్లలకి రాసింది. నేను బళ్ళో మధ్యలో ఏదో ఒక పేజీ తీసి చదవమంటా, నాలుగైదు మాటల కాడ తడబడితే ఆ పుస్తకం నేనే చదివి వినిపిస్తా, ఎందుకంటే కంటికి కష్టమైంది కూడా చెవికి ఇట్టే అర్థమైపోద్ది. లెవెల్ 2 ఇస్తే చిన్నపిల్లలదని మూతి ముడుచుద్ది, అందుకని పాపకి చదివి వినిపించు అని ఇవ్వు. రాత్రిపూట నువ్వు రైలుబడి చదువు. జపాన్లో రైలు పెట్టెల్లో నడిచిన బడి, అందులో టొట్టోచాన్ అనే పిల్ల చేరిన రోజే హెడ్మాస్టరు ఆ పిల్ల కబుర్లు నాలుగు గంటలు కూర్చుని వింటాడు, అది విన్నాక మా పిల్లలు మన హెడ్మాస్టరు ఎంతసేపు వింటాడు టీచర్ అని అడిగారు, ఏం చెప్పను!

పెన్నాగట్టు:
కొత్తవి అన్నారు కదా, సాహిత్య అకాడమీ బాలసాహిత్య పురస్కారాలు చూడండి. 2023లో డి.కె. చదువులబాబు వజ్రాల వాన, 2024లో చంద్రశేఖర్ ఆజాద్ మాయాలోకం, 2025లో గంగిశెట్టి శివకుమార్ కబుర్ల దేవత. అట్టాగని కళ్ళు మూసుకుని కొనమనను, అవార్డులిచ్చేది పెద్దోళ్ళు, పిలకాయలేం ఓటెయ్యలా. పాత చందమామలు కూడా మంచివే.

ఒంగోలు_టీచరమ్మ:
చందమామలు మనకి మంచివి సార్, ఈ పిల్లలకి ఆ సన్న అక్షరాలు చూడంగానే నిద్రొస్తది. దానికన్నా 'మంచి పుస్తకం' అనే ప్రచురణ సంస్థ వాళ్ళు మళ్ళీ వేసిన సోవియట్ బొమ్మల కథలు నయం.

కావలి_అమ్మ:
స్టోరీవీవర్ తెరిచా, మా వాడు ఫోన్ చేతికి రాంగానే గేమ్ పెట్టమన్నాడు 😀 వాడికి అచ్చు పుస్తకమే కొంటా. రైలుబడి నెల్లూరులో యాడన్నా దొరుకుద్దా, లేకపోతే జనవరిలో విజయవాడ బుక్ ఫెస్టివల్ దాకా ఆగాలా?

ట్రంకురోడ్డు:
జనవరికి మీ ఆడబిడ్డ కూతురు యాడుంటది అక్కా, ఆన్‌లైన్లో ఆర్డర్ పెట్టేయ్.