రొయ్యల చెరువుకి షీట్ వేసే మనుషులం, యురేనియం టెయిలింగ్ పాండ్ పని ఒప్పుకోవచ్చా?

ఆకివీడు నుంచి:
అందరికీ నమస్కారమండి. ఆకివీడు, ఉండి చుట్టుపక్కల వనామీ రొయ్యల చెరువులకి హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ షీట్ పరిచి వెల్డింగ్ చేస్తాం. కడప జిల్లాలో యురేనియం ఫ్యాక్టరీ వ్యర్థాల చెరువుకి షీట్ పనుంది, మనుషుల్ని తీసుకురమ్మని ఒక కాంట్రాక్టరు ఫోన్ చేశాడు. రేటు బాగుంది. మన పనికీ దానికీ తేడా ఏమిటండి? కుర్రాళ్లకి ఏమైనా అవుద్దా? ఇంట్లోవాళ్లు వద్దంటే వద్దంటున్నారు.

కాకినాడ నుంచి (ఖనిజశుద్ధిలో పనిచేసి రిటైరయ్యాను):
బాబూ, ముందు ఆ చెరువులోకి వచ్చేదేమిటో చూడండి. కడప జిల్లాలో ఆ ఫ్యాక్టరీ ఉన్న తుమ్మలపల్లె రాయిలో టన్నుకి అర కిలో యురేనియం కూడా దక్కదు. మిగతాదంతా పిండిలా నూరిన బురదే. యురేనియం తీసేశారుగా అనుకుంటాం గానీ, రాయిలోని రేడియోధార్మికతలో సుమారు 85 శాతం ఆ బురదలోనే ఉండిపోతుంది. అందులో మిగిలే రేడియం-226 సగానికి తగ్గాలంటే 1600 ఏళ్లు, థోరియం-230కి 75 వేల ఏళ్లు.

పైగా అక్కడిది సున్నపు జాతి రాయి. జార్ఖండ్ జాదుగూడలోలాగా ఆమ్లం పోస్తే ఆమ్లాన్నంతా రాయే తాగేస్తుంది. అందుకని సోడా యాష్‌తో, అంటే సోడియం కార్బొనేటుతో కరిగిస్తారు. కాబట్టి నీళ్లలో సోడియం ఉప్పులు ఎక్కువ. మిగిలిన కాస్త యురేనియం కూడా కార్బొనేటుతో కలిసి నీటి వెంట ఇట్టే పోతుంది. ఉప్పునీటి చెరువు ఊట దిగితే పక్క వరిచేను ఏమవుతుందో మీకు నేను చెప్పాలా? ఆ చెరువు పక్కనున్న కె.కె.కొట్టాల ఊరి అరటి రైతులు బోర్ల నీళ్లు పాడయ్యాయని గోల పెట్టిందీ ఈ ఊట గురించే.

మీ చెరువులో షీట్ చిరిగితే పట్టుబడి అయ్యాక నీళ్లు తోడి అతుకేస్తారు. అక్కడ బురద పడ్డాక అడుగుకి మళ్లీ ఎవరూ దిగరు.

రాజమహేంద్రవరం నుంచి (సివిల్ ఇంజినీరు):
రొయ్యలకి అర, ముప్పావు మిల్లీమీటరు షీట్ వేస్తారు. ఇలాంటి వాటికి మామూలుగా 1.5 లేదా 2 మి.మీ. దాని కింద బాగా రోలింగ్ చేసిన బంకమన్నో, తడిస్తే ఉబ్బి నీటిని ఆపే బెంటొనైట్ మట్టో ఉండాలి, రాయి మొన ఒక్కటీ తేలకూడదు. అతుకు రెండు వరసలుగా వేసి మధ్యలో సందు వదిలి, అందులో గాలి కొట్టి మీటరు ముల్లు దిగుతుందేమో చూస్తారు. ప్యాచీలకి వాక్యూమ్ బాక్సు, అంటే పైన బోర్లించి గాలి లాగి లీకు చూసే పెట్టె. కడప ఎండకి మధ్యాహ్నం షీట్ సాగి అలలు లేస్తుంది, అతుకులు పొద్దున్నే వేసుకోండి.

ఇవన్నీ మీవాళ్లు వారంలో నేర్చుకుంటారు. రాతకోతలే కష్టం. ప్రతి అతుక్కీ నంబరు, తేదీ, మిషను వేడి, వేసినవాడి పేరు రాయాలి. మన చెరువుల దగ్గర ఆ అలవాటు ఎవరికుంది?

ముమ్మిడివరం నుంచి:
మన సముద్రపొడ్డు నల్ల ఇసుకలోనూ ఈ యురేనియమే ఉందంటారు, నిజమేనా?

కాకినాడ నుంచి:
అందులో ఉండేది మోనజైట్ అనే ఖనిజం, దాంట్లో ముఖ్యంగా థోరియం. అది వేరే కథ, ఇక్కడ కలపకండి. ఆకివీడు బాబూ, పని కొత్త గోతిలోనా, పాత చెరువు దగ్గరా?

ఆకివీడు నుంచి:
పాతదాని పక్కనే అంటున్నాడండి.

కాకినాడ నుంచి:
అలాగైతే భయం దుమ్ముతోనే. ఎండిన బురద గాలికి లేస్తుంది, దాన్నుంచి రేడాన్ అనే రేడియోధార్మిక వాయువూ వస్తుంది. తడిపి ఉంచుతున్నారో లేదో కళ్లతో చూడండి. అక్కడ తినడం, బీడీ కాల్చడం వద్దు. పనిబట్టలు, బూట్లు అక్కడే వదిలి స్నానం చేసి బస్సెక్కాలి. ఏఈఆర్‌బీ (అణుశక్తి నియంత్రణ మండలి) నిబంధన ప్రకారం రేడియేషన్ పనివాళ్లకి ఒంటికి తగిలే రేడియేషన్ అయిదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు దాటకూడదు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. మామూలు జనానికైతే ఏడాదికి 1 మాత్రమే. మీ కుర్రాళ్లని ఏ లెక్కలో పెడతారో అడగండి. కొలిచే బ్యాడ్జీలు ఎవరిస్తారు, రీడింగు మీకు చూపిస్తారా అన్నది కాగితం మీద రాయించుకోండి. నోటిమాటైతే వదిలెయ్యండి, రేటు ఎంతైనా.

ఆకివీడు నుంచి:
ఆయ్, రేపే అడుగుతానండి. 2 మి.మీ. షీట్‌కి పనికొచ్చే వెల్డింగ్ మిషను భీమవరంలో ఎవరైనా అద్దెకిస్తారాండి?