తద్దినం అంటే ‘ఆ రోజు’ అనే కదా?

అందరికీ నమస్కారం. ఒక మాట గురించి అడగాలి. కొంచెం మా ఇంటి సంగతి చెబితేగానీ ఎందుకు అడుగుతున్నానో తెలియదు.

నిన్న తెనాలిలో నానమ్మ పక్కన కూర్చుని ఫోన్‌లో రైలు టికెట్ బుక్ చేస్తున్నాను. డబ్బు కట్టే దగ్గర మూడుసార్లు ఆగిపోయింది. విసుగొచ్చి “ఏం తద్దినంరా బాబూ ఇది” అన్నాను. నానమ్మ ఒత్తులు చేసుకుంటోంది. తలెత్తకుండానే, “తద్దినం నిన్నేం చేసిందిరా? అది మీ తాతయ్య రోజు” అంది.

ఎల్లుండి తాతయ్య తద్దినం. మూడో ఏడు.

నానమ్మకు వ్యాకరణం తెలియదు. కానీ తత్ + దినం, అంటే ‘ఆ దినం’. తత్సమం, తద్భవంలో ఉన్న తత్ ఇదే. మనిషి పోయిన మాసం, పక్షం, తిథి ఏటా తిరిగి వచ్చే రోజు. అందుకే తారీఖు మారుతుంది, తిథి మారదు. శ్రాద్ధం కూడా శ్రద్ధ నుంచి వచ్చినదే. ఇంత మెత్తటి మాటల్ని మనం “నీ శ్రాద్ధం”, “కొనితెచ్చుకున్న తద్దినం” అని తిట్లు చేసుకున్నాం. నాకు నిజంగా బాధేసింది.

బాధకు ఇంకో కారణం తాతయ్యే. ఆయనకు సైకిల్ షాపు ఉండేది. రిపేరుకొచ్చిన సైకిల్‌ని ‘చెడిపోయింది’ అనేవారు కాదు, ‘అలిగింది’ అనేవారు. చైను ఊడినా, గాలి దిగినా అదే మాట. ఏడుపు మొహంతో సైకిల్ తోసుకొచ్చిన పిల్లల్ని “ఎందుకలిగిందో కనుక్కుందాం, ఇలా పట్టుకురా” అని కూర్చోబెట్టేవారు. నానమ్మ మాట్లాడటం మానేస్తే గాలి పంపు పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడేవారట. ఆ సంగతి చెప్పేటప్పుడు కూడా ఆవిడ ఆయన పేరు పలకదు. నాన్నతో అయితే ‘మీ నాన్న’, మాతో అయితే ‘మీ తాతయ్య’. ఆయన మనవడినై ఉండి నేను ఒక ఫోన్‌ని తద్దినం అన్నాను.

ఇప్పుడు ప్రశ్న. బంధువుల వాట్సాప్ గ్రూపులో నాన్న ‘తృతీయ వర్ధంతి’ అని పెడదామంటున్నారు. వర్ధంతిలో ఉన్నది పెరగడం అనే అర్థమిచ్చే ‘వృధ్’ ధాతువు. కన్నడంలో పుట్టినరోజుకీ వర్ధంతి అంటారు. తెలుగులో ఇది స్థిరపడిపోయింది కాబట్టి తప్పనను. కానీ మా ఇంటి మాట తద్దినం. అలా రాస్తే చదివేవాళ్లకు మోటుగా ఉంటుందా?

జవాబు:
మాది వరంగల్ అండీ. మా వైపు పెత్రమాస ఎక్కువ వినిపిస్తుంది. పితృ అమావాస్య అనే మాటే అలా అయింది. భాద్రపద అమావాస్య నాడు పెద్దల పేరు మీద బియ్యం ఇస్తాం. అదే రోజు సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ. పొద్దున తాతను తలుచుకున్న ఇంట్లోనే సాయంత్రానికి పూలు పేరుస్తాం. అందుకేనేమో, మా ఇంట్లో ఆ మాటను తిట్టుగా వాడగా నేను వినలేదు. మీరు మీ నానమ్మ మాటే రాయండి.

నా జవాబు:
ధన్యవాదాలండీ. మీరు రాసింది నాన్నకు చదివి వినిపించాను. కాసేపు ఆలోచించి వర్ధంతి కొట్టేసి, “మాఘ బహుళ దశమి, మా నాన్నగారి తద్దినం. పొద్దున్నే వచ్చేయండి” అని పెట్టారు. నానమ్మకు చూపిస్తే, తాతయ్యకు ముదురువి నచ్చవు, అరటికాయలు లేతవి తెమ్మని కూడా రాయమంది.